కొలిమిలో వేసిన పెట్టె

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి అత్తగారు మోకాలికి పట్టీ బిగించుకుని, వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి కొడుకుతో బయల్దేరింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, పదింటికి నా గేటు ప్రదర్శనకి పెట్టాలి. ట్యాబ్ చార్జింగ్‌లో ఉంచు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

"అలాగే అత్తయ్యా," అంది కోడలు. ఇంట్లో తను తప్ప ఇంకెవరున్నారని! లిఫ్టు కిందికి దిగిన చప్పుడు విన్నాక కుర్చీ లాక్కుని తీరుబడిగా కూర్చుంది. మూడు నెలలుగా ఈ గంట కోసమే కాచుకుని ఉంది.

ట్యాబ్‌లో ఆ ఆట అత్తగారికి నేర్పింది కూడా తనే. గనిలో ఇనుము తవ్వాలి, కొలిమిలో కడ్డీలు పోయాలి, ఆ కడ్డీలతో ఊరు కట్టుకోవాలి. మోకాలి ఆపరేషనై మంచానపడ్డ మనిషికి పొద్దుపోతుందని నేర్పితే, అత్తగారు ఏకంగా ఆ ఊరికే పెత్తందారై కూర్చుంది. కొడుకు ముద్దుగా 'కొలిమి రాణి' అని పేరు పెట్టాడు. రాణీగారు ఎనిమిది నెలలు కూర్చుని చేసిన ఇనుప గేటు, లతలతో పక్షులతో సహా, ఆ ఆట ఆడేవాళ్ళందరి ముందూ ఇవాళ నిలబడబోతోంది.

నిలబడనిస్తే కదా!

మూడు నెలల కిందట బాల్కనీ సర్దుతూ అత్తగారు తుప్పుపట్టిన పనిముట్ల పెట్టె ఒకటి పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. అది కోడలి తండ్రిది. ముప్పయ్యేళ్ళు బస్సుల షెడ్డులో ఫిట్టరుగా చేసి పోయిన మనిషి. గోడ మీది ఒక్క ఫోటో, ఆ పెట్టె తప్ప ఆయన తాలూకు ఇంకేమీ మిగల్లేదు. కోడలు గొల్లుమంటే, "తుప్పు ఇనుముకి ఇంత రాద్ధాంతమా? మీ ఆయన్నడిగితే కొత్తది కొనిపెడతాడు" అంది ఆవిడ. పొరపాటైందన్న మాట మాత్రం ఆ నోట్లోంచి ఊడిపడలేదు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా 'సరే', 'అలాగే' తప్ప మాటల్లేవు.

పైగా ఈ మధ్య ఆవిడ కోడలి గదిలోకొచ్చి, పనిముట్లు ముందేసుకుని షెడ్డులో పనిచేస్తున్న నాన్న ఫోటో ముందు కళ్ళజోడు సర్దుకుంటూ నిలబడుతోంది. దుమ్ము వెతకడానికి ఆ ఫోటోయే దొరికిందా అని కోడలికి ఒళ్ళు మండిపోయేది.

కోడలు పనిచేసేది పళ్ళ ల్యాబులో. లోహం కరిగించి పంటి తొడుగులు పోత పోస్తుంది. కరిగించిన ప్రతిసారీ కొంత పోతుందని ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆటలోనూ అంతే. పది కడ్డీలతో చేసిన వస్తువుని కొలిమిలో వేస్తే చేతికొచ్చేవి ఆరే.

ముందు వీధి దీపాల స్తంభాలు వేసింది. తర్వాత వంతెన కమ్మీలు. చివరికి గేటు. పక్షులు ఒక్కొక్కటే ఎర్రబడి, వంగి, జారిపోతుంటే కళ్ళారా చూసింది. 'ఇప్పుడు తెలుస్తుంది. తుప్పు ఇనుమే కదా, కొత్తది చేసుకోండి!' అనుకుంది కసిగా. అయినా కసి తీరలేదు. కొలిమి వెనక మూలన ఒక పెట్టె కనిపించింది. మూత తీసి చూసే ఓపిక కూడా లేకపోయింది. పెట్టెని పెట్టెగానే మంటలోకి తోసేసింది.

ఆ ఆటలో చేసిన ప్రతి వస్తువుకీ మనకి నచ్చిన పేరు రాసుకోవచ్చు. కరిగిపోయాక ఆ పేర్లన్నీ వరసగా తెర మీదికొస్తాయి.

మీ నాన్నగారి పట్టకారు.
మీ నాన్నగారి వంకర స్క్రూడ్రైవర్.
మీ నాన్నగారి సుత్తి.
మీ నాన్నగారి సుత్తి, రెండోసారి.
మీ నాన్నగారి సుత్తి, ఆరోసారి. ఇదైనా కుదిరిందో లేదో.

కోడలు ఆ పేర్లు మళ్ళీ మొదట్నుంచి చదివింది. పిచ్చిదానిలా తెరంతా వెతికింది. కరిగినదాన్ని వెనక్కి తెచ్చే మీట ఆ ఆటలో ఎక్కడా లేదు. అత్తగారు ఆ ఫోటోలో వెతుకుతున్నది దుమ్ము కాదు.

తొమ్మిదిన్నరకి తలుపు తెరుచుకుంది. అత్తగారు ట్యాబ్ అందుకుంది. చూసింది. మళ్ళీ చూసింది.

"గేటేదీ?"

ఆట పాడైందని చెబితే నమ్మేస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కోడలు దాన్ని మింగేసింది.

"నేనే కరిగించాను అత్తయ్యా. కావాలనే."

"ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలు వేళ్ళు నొప్పి పుట్టేలా..." అత్తగారి గొంతు పైకి లేచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. "పెట్టె? పెట్టె కూడానా?"

కోడలు తలదించుకుంది. అత్తగారు సోఫాలో కూలబడింది.

"గేటు పోతే పోయింది. నీ కోపం నీది. ఆ పెట్టె ఎందుకేశావే? నేను తెలియక చేశాను. నువ్వు తెలిసి చేశావు."

"తెలియక చేశానని ఒక్కసారైనా అన్నారా? ఒక్కసారి!"

"నోరు రాలేదమ్మా. అందుకే చేసి చూపిద్దామనుకున్నా."

ఇంతసేపూ గుమ్మంలోనే నిలబడిన కొడుకు గొంతు సవరించుకున్నాడు. "పాత ఇనుము కొట్టుకి అమ్మ రెండుసార్లు నడిచి వెళ్ళింది. ఆ పెట్టె అప్పటికే కరిగించడానికి వెళ్ళిపోయిందట. మోకాలు మళ్ళీ వాచింది అందుకే. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

ఇక ఆగలేకపోయింది కోడలు. అత్తగారి కాళ్ళ దగ్గర చతికిలబడి, ఆ పట్టీ కట్టిన మోకాలి మీదే తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అత్తగారు కాసేపు బిగుసుకుని కూర్చుంది. తర్వాత ఆవిడ చెయ్యి మెల్లగా కోడలి జుట్టులోకి వెళ్ళింది.

పది దాటిపోయింది. ప్రదర్శన సంగతి ఎవరూ ఎత్తలేదు. అత్తగారు ముక్కు తుడుచుకుని ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుంది.

"కడ్డీలు చాలవు. గనికి పోవాలి. నువ్వు తవ్వు, నేను కొలిమి చూస్తా." కళ్ళజోడు సర్దుకుంది. "ఆ సుత్తి పిడికి ఏదో గుడ్డ చుట్టి ఉందే. నలుపు తెలుపు ఫోటోలో తెలియడం లేదు. ఆరుసార్లు చేసినా అక్కడే ఆగిపోతున్నా. నిన్నడగడానికి మొహం చెల్లలేదు. అదేం రంగో చెప్పమ్మా?"

"ఎరుపు అత్తయ్యా," అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. "నా చిన్నప్పటి గౌను ముక్క."