గంధం కలిసిన నీడ

గిరిప్రసాద్ సీల్డ్ కవర్లోంచి సీడీ తీసి కంప్యూటర్లో పెట్టాడు. స్పీకర్ ఫోన్‌లో చీఫ్ సుబ్రమణ్యం గొంతు పొడిగా ఉంది.

"ఫోటోలో ఉండేది రాడార్ సెంటర్ డైరెక్టర్ గోవిందయ్య. పక్కనుండేవాడు విదేశీ ఏజెంట్. మొన్న సాయంత్రం బంగారుపాళ్యం గుట్టమీద కలిసినారంట. నాలుగింటికి రేణిగుంట ఎయిర్‌పోర్ట్‌లో గోవిందయ్యను అరెస్ట్ చేస్తాము. ఆ నిమిషమే రాడార్ కోడ్ ఆయన డిప్యూటీ ఢిల్లీబాబు చేతికి పోతాది. ఫోటో నిజమా, అతుకా? నిజమైతే మామిడి అను. అతుకైతే చింత."

"టైమెంత ఉండాది సార్?"

"ఇరవై నిమిషాలు."

లైన్ కట్టయింది.

2003లో తిరుపతి బస్టాండు వెనక సందులో గిరి నడిపే ఆ ఫోటో స్టూడియో, గూఢచారి ఏజెన్సీ వాళ్లు పైకి వేసుకున్న ముసుగు. కొండ దిగివచ్చిన భక్తులను ఫోటో తీసి, ఫోటోషాప్‌లో ఏడుకొండల దృశ్యం మీద అతికించి ఇచ్చేవాళ్లు. గిరి యజమాని. ఏజెంట్ నవీన రెండేళ్లుగా అతని భార్య, కాగితాల మీద మాత్రమే. ఎవరూ లేనప్పుడు కూడా ఆమె అతన్ని 'మామా' అనే పిలిచేది. అది నటనలో భాగం కాదని అతను నమ్ముకున్నాడు.

"మామిడేలే మామా. ఇంక సూసేదేముండాది?" వెనక నుంచి నవీన అంది. చలువ కళ్లద్దాలు తలమీదికి తోసుకుని, పట్టుచీరలో ఎప్పటిలాగే సినిమా పోస్టర్లా ఉంది.

తెరమీద మబ్బు పట్టిన ఆకాశం, గుట్ట, కింద మామిడితోపులు, ముందు ఇద్దరు మనుషులు. నాలుగు రెట్లు పెంచి చూశాడు. అంచులు శుభ్రంగా ఉన్నాయి. మనుషుల మీది వెలుగు, గుట్టమీది వెలుగు ఒకే రంగు. నిజమేననిపించింది.

మరుక్షణమే అనుమానమొచ్చింది. పూర్తిగా పరీక్షించకముందే ఎందుకు నమ్మాను? తెలిసిన ముఖం ఎదురైతే మనసు తలుపు తీసినట్టు, ఈ రంగులకు తన కన్ను తలుపు తీసింది. ఎందుకు?

నీడల్లో రంగు కొలిచాడు. మబ్బు సాయంత్రం నీడలో నీలం ఎక్కువుండాలి. చొక్కా కాలరు కింద, బండ కింద, ఆకుల సందున, అన్నిచోట్లా సన్నటి పసుపు ఉంది.

ఆ పసుపు అతనిదే. స్టూడియోకొచ్చేవాళ్లందరివీ గంధం పూసిన గుండ్లు. ఆ గంధం ఒక్కటే విడిగా కనబడితే తల అతికించినట్టుంటుంది. అందుకని కొండల నీడలోనూ రవ్వంత గంధం రంగు కలిపేవాడు. ఏ పుస్తకంలోనూ లేని ఆ కిటుకును ఒక్కరికే నేర్పాడు, మౌస్ పట్టుకున్న నవీన చేతిమీద చెయ్యివేసి.

గోవిందయ్యకు నిండుగా జుట్టుంది. గంధమే లేని ఫోటోలో ఆ పసుపుకు పనేలేదు.

ఆమె అజాగ్రత్తపడలేదు. అలవాటుపడిన చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఆమె మోసగించిందన్న దానికంటే, తన పనితనమే చూసి తన కన్ను మోసపోబోయిందన్నది అతన్ని లోపల ఎక్కడో కోసింది.

మానిటర్ అద్దంలో ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరవడం కనిపించింది. మెడకు చల్లగా పిస్టల్ తగిలింది.

"సూసింది సాలు. మామిడి అను."

"ఈ రెండేండ్లూ?"

"పని మామా. నువ్వూ పనిమీదే కదా వచ్చినావు."

"నేనూ అట్లనే అనుకుంటా వచ్చినాను. మధ్యలో మర్చిపోయినాను."

మూడు యాభైతొమ్మిది. ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ బటన్ నొక్కింది.

"ఏమప్పా గిరీ? మావోళ్లు ఆయన పక్కనే నిలబడుండారు. చెప్పు."

గిరి మోకాలి పక్కన స్టూడియో ఫ్లాష్ లైటును వెలిగించే పెట్టె ఉంది. ఆ లైటుకు తగిలించిన గొడుగు సరిగ్గా నవీన ముఖానికి ఎదురుగా ఉంది. కళ్లు మూసుకుని టెస్ట్ బటన్ నొక్కి, తల వంచాడు. గది తెల్లగా పేలింది. తూటా మానిటర్లోకి దూసుకుపోయింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని విరిచాడు.

"చింత సార్. కోడ్ ఎవురికి పోతాదో వాణ్ణి పట్టుకోండి."

రేణిగుంటలో గోవిందయ్య భుజం మీదికి లేచిన చెయ్యి దిగిపోయింది. బేడీలు ఢిల్లీబాబుకు పడ్డాయి.

పావుగంటకు మఫ్టీవాళ్లు నవీనను జీపెక్కించారు. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తుందని గిరి గడపలోనే నిలబడ్డాడు.

ఎదురు టీకొట్టు దేవకమ్మ జాలిగా ఒక గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"కొట్లాడుకున్నారా అబ్బా? అన్నదమ్ములనుకుంటా, జీపేసుకుని వచ్చినారు. ఎన్నాళ్లుంటాదిలే పుట్టింట్లో? కోపం తగ్గితే అదే వస్తాది."

గిరి ఒక గుక్క తాగాడు.

"పద్నాలుగేండ్లు పట్టచ్చక్కా."