పక్క సీట్ల కూసున్నామె

మహబూబ్‌నగర్ దాటి జడ్చర్ల తొవ్వ పట్టినంక ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డుండె. పొద్దుగూకితే దాని ముంగట నడిచేటోళ్లు తల తిప్పకుంట పోతుండ్రి. ఎందుకంటే — లోపట కారు ఉరుకుతున్న సప్పుడు ఇనబడ్తది. దూరం పోదు, దగ్గరికి రాదు... ఉన్నకాడ్నే ఉరుకుతది. ఆ సప్పుడు నడుమ ఎవరో ఆడమనిషి నవ్వు ఇనబడ్డదని ఒకలిద్దరు చెప్పిండ్రు. అంతే, షెడ్డుకు చెడ్డపేరు వచ్చింది.

కారు సప్పుడుకు కారణమున్నది. పందొమ్మిది వందల అరవై రెండో, అరవై మూడో... కార్లు బాగుచేసే ఆ షెడ్డు యజమాని రఘుపతి పట్నం నుంచి పాత డైనమోమీటర్ ఒకటి కొనుక్కొచ్చి బిగించిండు. నేలల గుంత, గుంతల ఇనుప రోలర్లు. కారు ఎనుక టైర్లను వాటి మీద నిలబెట్టి ఇంజన్ పెంచితే టైర్లు తిరుగుతయి, రోలర్లు తిరుగుతయి, కారు మాత్రం కదలదు. ఇంజన్ల ఎంత బలమున్నదో గోడకున్న ముల్లు చెప్తది. జనానికి ఆ పేరు నోరు తిరగక రోలర్ల గుంత అన్నరు.

నవ్వు సంగతే ఎవ్వలకు తెల్వదు.

ఆ గుంత మీద కార్లు నడిపేటోడు జానయ్య. రెండు చెల్కల అవతల ఆయన ఇల్లు. ఆయన పెండ్లాం గుర్వమ్మ.

పని కొత్తల జానయ్య అన్నం తినుకుంట అన్నీ చెప్తుండె. “ఎనుక గొలుసులు గట్టిగ కట్టాలె. ముందటి టైర్లకు చెక్క మొద్దులు పెట్టాలె. ముంగట ఎవ్వలు నిలబడొద్దు — గొలుసు తెగితే కారు బాణం లెక్క దుంకుతది. తువ్వాల గాని, ధోతి గాని రోలర్ల దిక్కు పోనియ్యొద్దు. తలుపులు బార్లా తెరిచి ఉంచాలె. ఒక్కడు నడపాలె, ఒక్కడు బయట నిలబడి చూడాలె.” గుర్వమ్మ ఇంకో గంటె కూర ఏసి ఊ కొడుతుండె. మొగడు పెద్ద పని చేస్తున్నడని ఆమెకు లోపల్లోపల మురిపెం.

టాక్సీలు పగలంత తిరిగి చీకటి పడ్డంకనే షెడ్డుకొస్తయి. ఒకనాడు ఆ సప్పుడుకు తొవ్వ మీద ఎడ్లు బెదిరి బండి బోర్లపడ్డది. ఊరోళ్లు కొట్లాటకు వచ్చిండ్రు. రఘుపతి భయపడి, ఇగ నుంచి తలుపులు మూసే నడుపుమన్నడు. కొన్నొద్దులకు, బయట నిలబడి చూసే చెన్నయ్య నవ్వు సంగతి ఇని రాత్రిపూట రానని మొండికేసిండు.

జానయ్య ఒక్కడే మిగిలిండు. తలుపులేసుకొని... ఒక్కడే.

అప్పటి నుంచి మనిషి మారిండు.

ఇంటికొచ్చేటప్పటికి బుగ్గలు ఎర్రగ, పెండ్లికొడుకు లెక్క. కండ్లు ఎక్కడో. పెదవి మీద ఒక నవ్వు — ఎవలికోసమో దాచుకున్నట్టు. బువ్వ పెడితే ముద్ద చేతిల పట్టుకొని మరిచిపోతడు. తలకాయ నొస్తుందని పండుకుంటడు. ఒకనాడు నిద్రల మెల్లగ అన్నడు —

“కూసో... జర సేపు కూసో.”

గుర్వమ్మ లేచి కూసున్నది. తెల్లారేదాక పండుకోలే.

మర్నాడు ఆయన అంగీ ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసింది. పెట్రోలు తప్ప ఏం లేదు. పూల వాసనన్న ఉంటే బాగుండు, తిట్టనీకి ఒక దిక్కు దొరుకు. ఆ పూట కూరల కారం దండిగ పోసింది. ఆయన చప్పుడు చేయకుంట తిన్నడు. దానికి ఇంకింత మండింది ఆమెకు.

“ఎవలది?” అని అడిగింది.

“ఎవ్వలు లేరు.”

“మరి ఎవల్ని కూసొమ్మన్నవ్?”

జానయ్య సిగ్గుపడ్డట్టు మొఖం పక్కకు తిప్పుకున్నడు. ఆ సిగ్గే గుర్వమ్మ గుండెల కత్తి లెక్క దిగింది. లగ్గమైన కాణ్నుంచి తన ముంగట ఆయన గట్ల సిగ్గుపడలే.

పక్కింట్ల గాజులమ్మే అజ్మత్ బీకి గోడు చెప్పుకున్నది. అజ్మత్ బీ గొంతు తగ్గించింది.

“బిడ్డా... అది మనిషి కాదేమో. గా షెడ్డుల నవ్వేదే ఆయన్ను పట్టుకున్నదేమో.”

ఇంకొకామె అయితే భయపడుతుండె. గుర్వమ్మకు భయం రాలే. దెయ్యమైతే ఏంది, ఆడిదే కద. తన మొగని పక్కన కూసున్నది కద.

ఆ మాపటికి ముసురు పట్టింది. దీపం పెట్టి చానా సేపైనా జానయ్య రాలే. గుర్వమ్మ నెత్తి మీద గొంగడి కప్పుకొని, పొయ్యి కాడి కట్టె ఒకటి చేతబట్టి చెల్కలకు అడ్డంపడి నడిచింది. దగ్గరికి పోతున్నకొద్దీ సప్పుడు పెద్దగైంది. రేకులు అదురుతున్నయి. తలుపు సందుల నుంచి పచ్చటి ఎలుగు... సన్నగ.

చెవి ఆనిచ్చింది.

ఇంజన్ మోత. దాని అడుగున — జానయ్య గొంతు. ముద్దుగ ఏందో చెప్తున్నడు.

గుర్వమ్మ పక్కనున్న చిన్న తలుపు నూకి లోపటికి పోయింది.

నల్లకారు. ఎనుక టైర్లు కనబడనంత జోరుగ తిరుగుతున్నయి. కారు గొలుసులను గుంజుకుంట వణుకుతున్నది. జానయ్య స్టీరింగ్ ఎనుక ఒరిగి ఉన్నడు. కుడిచెయ్యి కిటికీల నుంచి బయటికి ఏలాడుతున్నది, ఎడమ చెయ్యి ఒళ్లె పడున్నది. కాలు మాత్రం కింద నొక్కే ఉన్నది. మొఖం పక్క సీటు దిక్కు తిరిగి... నవ్వుతున్నది.

“ఏయ్,” అన్నది గుర్వమ్మ.

ఆయన ఇనలే.

ఆమె ఇంకో రెండడుగులు ఏసింది. నెత్తి గిర్రున తిరిగింది. కట్టె చేతిల నుంచి జారింది. దీపం చుట్టు ఉంగరాలు ఉంగరాలుగ ఎలుగు. కండ్లు నులుముకొని చూసింది —

పక్క సీట్ల ఆడమనిషి ఉన్నది.

ఆకుపచ్చ గాజులు. జారిన కొప్పు. మొఖం జానయ్య దిక్కు. గుర్వమ్మను ఇంత కూడ లెక్కచేయలే.

మొగణ్ని బయటికి గుంజాలెనని అప్పుడు తోచలే గుర్వమ్మకు. ముందు దాన్ని గుంజాలె, కొప్పు పట్టి గుంజాలె. అదొక్కటే తోచింది. ముంగట నుంచి పోవద్దన్న మాట యాడనో మెదిలింది. ఎనుక నుంచి తిరిగింది. గొంగడి జారింది... కొంగు లేచింది.

రోలర్ అందుకున్నది.

మెడ కాడ ఎవరో పట్టి గుంజినట్టైంది. బోర్లపడ్డది. చీర చుట్టలు చుట్టలుగ గుంతలకు పోతున్నది, దాని ఎంబడి ఆమె జరుగుతున్నది. గోళ్లతోటి నేల పట్టుకున్నది. టైరు గాలి మొఖానికి కొడుతున్నది. అరిచింది — తన అరుపు తనకే ఇనబడలే.

ఇంజన్ ఆగింది.

రోలర్లు జరసేపు మూల్గి అవి కూడ ఆగినయి. రేకుల మీద ముసురు సప్పుడు ఒక్కటే మిగిలింది.

గుర్వమ్మ పండ్లతోటి, చేతులతోటి చీర చింపుకొని లేచింది. గొంగడి చుట్టుకొని పెద్ద తలుపులు రెండు బార్లా తెరిచింది. జానయ్య రెక్కలు పట్టి వానలకు ఈడ్చుకొచ్చి పండవెట్టింది. కక్కిండు. మళ్ల కక్కిండు. తర్వాత కండ్లు తెరిచిండు.

పక్క సీట్ల ఎవ్వలు లేరు.

తెల్లారి దవాఖానల డాక్టర్ రఘుపతిని నిలబెట్టి చీవాట్లు పెట్టిండు. “దెయ్యం లేదు, గియ్యం లేదు. ఇంజన్ పొగల ఒక విషం ఉంటది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూస్తే మనిషికి మత్తెక్కిస్తది, లేనివి చూపిస్తది, ఆఖరికి పానం తీస్తది. ఈమె ఇంకింత సేపు ఆగి వస్తే ఆయన దక్కకపోతుండె.” గుర్వమ్మ దిక్కు తిరిగి అన్నడు, “సమయానికి ఇంజన్ బంద్ చేసినవమ్మా. మంచి పని.”

గుర్వమ్మ తల వంచుకున్నది.

షెడ్డు పద్ధతి ఆ వారమే మారింది. తలుపులు తెరిచే ఉంచుడు, పొగ బయటికి పోనీకి గొట్టం, రోలర్లకు ఇనుప జాలి. చెన్నయ్యను బతిమాలి మళ్ల తెచ్చిండ్రు. తొవ్వ మీద బండ్లు పోతుంటే రఘుపతే బయటికొచ్చి ఎడ్లను పట్టుకుంటుండె. నవ్వు మళ్ల ఎవ్వలకు ఇనబడలే.

జానయ్య మంచం మీద కోలుకుంటున్నప్పుడు గుర్వమ్మ గంజి తాపుకుంట అడిగింది. అడగొద్దనుకుంటనే అడిగింది.

“గామె ఎట్లుంటుండె?”

ఆ సిగ్గే మళ్ల వచ్చింది మొఖంల.

“నువ్వేనే,” అన్నడు. “లగ్గమైన కొత్తల నువ్వు... గట్లనే వచ్చి పక్కన కూసుంటుంటివి. ఏం మాట్లాడకపోతుంటివి. నవ్వుతుంటివి.”

గుర్వమ్మ గిన్నె కింద పెట్టింది. కండ్ల నీళ్లు ఆగలే. ఇన్నొద్దులు తనను తానే తిట్టుకున్నది, తన మీద తానే కుళ్లుకున్నది. ఆ రాత్రి జానయ్య పక్కన కండ్లనిండ నిద్రపోవాలె గుర్వమ్మ.

పోలే.

చానా ఏండ్లకు, జానయ్య పోయినంక, ఈ ఆఖరి ముచ్చట అజ్మత్ బీ ఒక్కదానికే చెప్పింది.

“ఇంజన్ నేను ఆపలే, అవ్వా. నేను గుంత కాడ బోర్లపడి ఉన్న. ఆయన చేతులకు సత్తువ లేదు. తల ఎత్తి చూసిన — ఆకుపచ్చ గాజుల చెయ్యి ఆయన ఒడి మీంచి అడ్డంగ పోయి చాబి తిప్పింది. తిప్పినంక ఆమె ఎనుకకు మళ్లి నన్ను చూసింది. ఆయన చూసింది నన్నే కావచ్చు. నేను చూసిన మొఖం మాత్రం... నాది కాదు.”

అజ్మత్ బీ దగ్గరికి జరిగింది. “భయం కాలేదా బిడ్డా?”

“భయమెందుకు,” అన్నది గుర్వమ్మ. గొంతు తగ్గించి అన్నది — “నా మొగణ్ని బతికించింది గామె. నన్ను కూడ. గదే... ఇప్పటికీ ఓర్వబుద్ధి అయితలేదు.”