ఈకలు ఉబ్బించిన పిగిలిపిట్ట

మే 14, మధ్యాహ్నం 1:40. పాడేరు కొండల దిగువన ఒక రాతి చీలిక ముందు పిగిలిపిట్ట ఈకలు ఉబ్బించి కూర్చుంది. ఎండ 39 డిగ్రీలు. మిగతా పిట్టలు ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి.

"అదుగో! మా అయ్య సెప్పిన సోటు అదే. బండలోంచి సల్లగాలి తన్నుతంది. పిట్టకి సలేస్తంది" అన్నాడు కొర్రా సన్యాసి. అతనికి 64 ఏళ్లు.

అతని తండ్రి లచ్చన్న 1938లో ఒక తెల్లదొరకు పిట్టలు పట్టి ఇచ్చేవాడు. వానకు తడవకుండా, దొర చెప్పినట్టే, దూది కూరి ఆరబెట్టిన పిట్టల పెట్టెను గుహలో దాచాడు. వారంలో దొర జ్వరంతో పోయాడు. వానకు చరియ జారి గుహ నోరు లచ్చన్నకు మళ్లీ చిక్కలేదు. పెట్టె దొంగిలించాడని లచ్చన్నకు రెండేళ్లు జైలు వేశారు. ఊళ్లో ఆ ఇంటిని ఇప్పటికీ దొంగోడిల్లు అంటారు.

దొర రాసిన పిట్టల చిట్టా పక్షి పరిశోధకురాలు నవనీతకు ఈ ఏడాదే దొరికింది; అది పట్టుకుని సన్యాసి దగ్గరికి వచ్చింది. పిట్ట ఒంటి వేడి ముక్కు గుండా బయటికి పోతుంది. ఎండలు ముదిరేకొద్దీ, తరాలు గడిచేకొద్దీ ముక్కు పొడవవుతుందని ఆమె అంచనా. పాత పిట్టలు లేకపోతే రుజువు లేదు.

ఇద్దరూ చీలికలోకి ఇరవై అడుగులు పాకారు. రాతి అర మీద రేకు పెట్టె ఉంది. దొర వేసిన లక్క ముద్ర చెదరలేదు. నవనీత పెట్టెను కిందికి దించింది.

బయట ఉరిమింది. వాన నీరు గుహలోకి దూకింది. మోకాళ్లు దాటింది. ఒక బండ జారి చీలిక సగమైంది. మనిషి దూరగలడు, పెట్టె దూరదు.

"పగలగొడదాం సన్యాసిగారూ! పిట్టల్ని సంచిలో వేసుకుపోదాం!"

"సెయ్యెయ్యకు!" సన్యాసి గునపం అడ్డం పెట్టాడు. "ముద్ర ఇక్కడిప్పితే సూసినోడెవుడు? రేపు నన్నూ దొంగంటారు. ఎనబైయేళ్లు తిట్లు తిన్నాం. సాలదా?"

"తడిస్తే ఒక్క ఈక మిగలదు!"

"మా అయ్యెట్టిన కాడికి నీళ్లొచ్చేదుంటే ఇన్నాళ్లూ ఉండునా? అర మీదెట్టీ! నడు బయటికి!"

ఆమె పెట్టెను తిరిగి పెట్టింది. చీలికలోంచి ఒకరి వెనక ఒకరు బయటపడ్డారు.

మర్నాడు సన్యాసి ఊరిని వెంట తెచ్చాడు. ఇరవై ఆరుగురు వచ్చారు. గునపాలతో బండ తొలగించారు.

"పెట్టుందంటావు, మరి లోపలేటుందో" అన్నాడు వంతల గుర్రన్న.

"నోరు ముయ్యి. కళ్లు తెరువు" అన్నాడు సన్యాసి.

11:10కి సర్పంచి ముద్ర తీశాడు. అర తడవలేదు, పెట్టె తడవలేదు. నవనీత మొదటి పిగిలిపిట్ట ముక్కు కొలిచింది. ఈ ఏడాది ఆమె వలలో పడ్డ పిట్టల ముక్కుల కంటే ఒక మిల్లీమీటరు పొట్టి.

తర్వాత సర్పంచి చిట్టా చదివాడు. గుర్రన్న చేత పిట్టల్ని లెక్కపెట్టించాడు.

చిట్టాలో నలభై ఒకటి. పెట్టెలో నలభై ఒకటి.