ముసురులో ఏనుగు చిమ్మట

"ఇందులో ప్రాణముంది. తీసుకుపో," అంది వెనింగ్, పట్టుగూడును చెవి దగ్గర ఆడించి చూసి.

చిమ్మట ఎగిరిపోయాక మిగిలే ఖాళీ గూళ్ళతోనే వెనింగ్ వాళ్ళింట్లో పట్టునూలు వడుకుతారు. ఊరి చివర అవకాడో తోటలో ఆ గూళ్ళు ఏరి తెచ్చే జాత్మికోకి ఆ సంగతి తెలియనిది కాదు.

"తెలిసే తెచ్చాను. కిటికీలో పెట్టుకో."

"దీనికి కాపలా కూర్చోవడమేనా నా పని?"

"తోట కొట్టేస్తున్నారు కదా. రేపు ఓడెక్కి సముద్రం అవతల కాలిమంతాన్ పోతున్నా, పామాయిల్ తోటలో పనికి."

వెనింగ్ మొహం మాడిపోయింది. "ఇప్పుడా చెప్పడం?"

"అక్కడా ఈ ఏనుగు చిమ్మటలు ఉంటాయట. ఇండియాలో, చైనాలో కూడా..."

"నేనడిగింది చిమ్మటల గురించా?"

అతను తల దించుకున్నాడు. "ఇది బయటికొచ్చేలోగా వచ్చేస్తా. మీ అమ్మగారితో మాట్లాడాలి."

"ఏం మాట్లాడతావ్?"

"చిమ్మటల గురించి మాత్రం కాదు."

నెల దాటింది. ముసురు పట్టింది. మొదట్లో రోజూ మోగిన ఫోన్ మూగబోయింది. తోటలో మొద్దులు మిగిలాయి.

ఒక సాయంత్రం గూడు కొస మెత్తబడి చిమ్మట బయటికొచ్చింది. ఆడది. విప్పిన రెక్కలు వెనింగ్ రెండు అరచేతులూ పరిచినంత ఉన్నాయి. ఇటుక రంగు, మధ్యలో గాజు పలుకుల్లాంటి మచ్చలు, కొసల్లో అచ్చం పాము తలలు. తినడానికి దానికి నోరే లేదు. వారం బతికితే గొప్ప. ఆ వారమూ మగదాని కోసం కిటికీని పట్టుకుని కూర్చుంది.

చిమ్మట ఇంట్లోకొస్తే చుట్టం వస్తాడంటారు ఆ ఊళ్ళో. వెనింగ్ అమ్మ రోజూ ఒక గ్లాసు టీ పోసి మూతపెట్టేది.

"ఇది బయటనుంచి రాలేదమ్మా, మనింట్లోనే పుట్టింది. లెక్కలోకి రాదు."

"వచ్చేవాడికి ఆ తేడా తెలుస్తుందా ఏం?"

మగ చిమ్మట ఒక్కటీ రాలేదు. చెట్లే లేనిచోటికి ఏం వస్తుంది? ఆడది కిటికీ చెక్కమీదే గుడ్లు పెట్టింది. అవి పిల్లలు కావని వెనింగ్‌కి తెలుసు. ఒక పొద్దున చూసేసరికి అది కిందపడి ఉంది. వెనింగ్ దాన్ని ఆకులో పెట్టి, ఎవరూ చూడకుండా ఏడ్చింది. ఆరోజు కూడా అమ్మ టీ పోసిందని ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం గుమ్మంలో జాత్మికో నిలబడ్డాడు. తడిసి ముద్దయ్యాడు, సగానికి సగం చిక్కిపోయాడు.

"మేస్త్రీ ఫోన్ లాక్కున్నాడు. ఓడ ఎక్కడానికి ఇన్నాళ్ళు పట్టింది." ఆకులోని రెక్కలు చూశాడు. "ఆలస్యమైపోయింది కదూ?"

"దానికే," అంది వెనింగ్. కళ్ళు తుడుచుకుని గ్లాసు మీది మూత తీసింది. "టీ చల్లారింది. కూర్చో, వేడిచేసి తెస్తా. అమ్మ లోపలే ఉంది. ఏదో మాట్లాడతానన్నావ్‌గా."