సగం లారీ

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. అందరికీ ఆవిడ జాబితామ్మే. బడి ఆఫీసులో గుమాస్తా. జీతం చేతికి రాకముందే అది ఎలా పోతుందో కాగితం మీద రాసిపెట్టుకుంటుంది. ఆ కాగితం పోతుందేమోనని ఇంకో కాగితం మీద కూడా రాసిపెడుతుంది. పీసినారి అని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళూ అంటారు, కాకపోతే ఆవిడ లేనప్పుడు.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా జనాన్ని పైకీ కిందకీ పంపే మనిషి, తను మాత్రం ఏడేళ్ళుగా నేల అంతస్తులోనే ఉండిపోయాడు. రెండు గదులు. ఎండాకాలంలో కూడా చెమ్మ కక్కే గోడ ఒకటి. సున్నం కొట్టిన నెలకే మళ్ళీ నల్లగా బూజు పట్టేది. ఆ గోడ పక్కనే వాళ్ళ ఆరేళ్ళ కూతురి మంచం. ఇంకెక్కడా మంచం పట్టదు మరి.

పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఎత్తుకుంటే బరువే తెలియదు. పడుకుంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు. “పిచ్చుక గొంతులో పిల్లి దూరిందేమిటే!” అని పై వాటా పిన్నిగారు అనేది. తన హాస్యానికి తనే నవ్వుకునేది. ఇంకొకరికి ఆ అవకాశం ఇచ్చేది కాదు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. “వానలు మొదలయ్యేలోగా ఆ గోడ దగ్గర్నుంచి తీసుకెళ్ళిపోండి. ఇంకోసారి ఊపిరి అందకపోతే ఇక్కడికి తెచ్చే వ్యవధి ఉండకపోవచ్చు” అన్నాడు.

ఆ రాత్రి జాబితామ్మ కాగితం తీసింది.

నెల తిరిగేసరికి నగరానికి అవతలి కొసన ఇల్లు దొరికింది. నాలుగో అంతస్తు. మూడు వైపులా కిటికీలు, సాయంత్రం దాకా ఎండ. అడ్వాన్సు కట్టేసరికి దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది. సామాను తరలించడానికి మిగిలింది తొమ్మిది వేలు.

మొదటి కంపెనీ మనిషి వచ్చి బీరువా తెరిచి చూశాడు, మంచం కింద వంగి చూశాడు, రోగం ముదిరిందని చెప్పబోయే వైద్యుడిలా పెదవి విరిచి పద్దెనిమిది వేలన్నాడు. రెండోవాడు పద్నాలుగు. మూడోవాడు రానేలేదు, ఫోన్లోనే తేల్చేశాడు.

“మీకు మొత్తం బండి ఎందుకమ్మా? సగం లారీ చాలు. మిగతా సగంలో వేరేవాళ్ళ సామాను ఉంటుంది. ఏడున్నర ఇవ్వండి.”

“ఏడు.”

“ఏడున్నరే అమ్మా. ఆ రేటుకి ఇంకెవరూ ఒప్పుకోరు.”

ఎందుకు ఒప్పుకోరని ఆవిడ అడగలేదు. ఏడున్నర పోతే మిగిలేది ఎంతో అప్పటికే రాసేసుకుంది.

తరలే రోజున మధ్యాహ్నం మూడింటికి లారీ వచ్చింది. నాలుగు పక్కలా ఇనుప రేకుతో మూసిన బండి. వెనక తలుపులు తెరవగానే తడి బట్టలు మూటగట్టి మరిచిపోయిన వాసన వచ్చింది. లోపల సగం దగ్గర, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తాడు కట్టి, బూడిదరంగు బొంత ఒకటి తెరలా వేలాడదీశారు.

“దాని వెనకాలది వేరేవాళ్ళది. ఇవతల మీది” అన్నాడు కూలీల మేస్త్రి.

ముఖ్యమైనవి ముందు ఎక్కాలి, అప్పుడే మరిచిపోం అన్నది జాబితామ్మ సిద్ధాంతం. అట్టపెట్టెలన్నిటికీ అంకెలు వేసింది. పదిహేడో పెట్టె మీద ‘మందులు, చాలా ముఖ్యం’ అని రాసి కింద రెండు గీతలు గీసింది. అంత ముఖ్యమైంది కాబట్టి అన్నిటికంటే ముందు దాన్నే ఎక్కించింది. దాని మీద బియ్యం డబ్బాలు, వాటి మీద కుట్టు మిషను, అడ్డంగా బీరువా. పిచ్చుక పీల్చే మందు ఆ పెట్టెలోనే ఉంది. ఆ సంగతి ఆవిడకి ఇల్లు ఊడ్చేటప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి బీరువా ఎక్కిపోయింది. పొద్దున్నే ఒకసారి పీల్పించాం కదా, గంట ప్రయాణమే కదా అనుకుంది.

మొగుడు తాళాలు తీసుకుని స్కూటరు మీద ముందు వెళ్ళిపోయాడు. తల్లీ కూతుళ్ళకి ట్యాక్సీ అయితే పన్నెండు వందలు. జాబితాలో ఆ వరుస కొట్టేసి ఉంది.

“మేం లారీలోనే వస్తాం.”

“ముందు చోటు లేదమ్మా. డ్రైవరు, నేను, ఇద్దరు కూలీలు.”

“వెనక కూర్చుంటాం.”

మేస్త్రి తల గోక్కున్నాడు. “బయట్నుంచి గడియ పెట్టాలమ్మా. పైగా వెనక…” అని ఆగాడు. బొంత వైపు చూశాడు. “పిల్లతో ఎందుకమ్మా, ట్యాక్సీలో వెళ్ళండి.”

“ఆ పన్నెండు వందలు నువ్విస్తావా?”

జాబితామ్మతో వాదించి గెలిచినవాళ్ళు ఆ వీధిలో లేరు. మేస్త్రి ఆ వీధివాడు కూడా కాడు. తలుపులు మూశాడు. గడియ పడింది.

బయట ఎండ. లోపల చీకటి… కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. తలుపు సందులోంచి దారమంత వెలుగు వచ్చింది, అది కూడా బండి కదిలాక ఆగి ఆగి వచ్చింది. పరుపు చుట్ట మీద కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రేకు వేడెక్కింది. గిన్నెలు గలగలమన్నాయి. బీరువా తలుపు టప్పు టప్పుమని కొట్టుకుంది.

అరగంట గడిచింది. బండి ఎక్కడో ఆగిపోయింది. చుట్టూ హారన్లు. కదల్లేదు.

అప్పుడు మొదలైంది పిల్లికూత. ముందు సన్నగా. తర్వాత దగ్గు. పొట్టివి రెండు, పొడుగుది ఒకటి. పిచ్చుక దగ్గు ఎప్పుడూ అంతే. వందమంది పిల్లల్లో ఉన్నా ఆ తల్లి ఆనవాలు పట్టగలదు.

“అమ్మా… మందు.”

“ఇదిగో, వచ్చేశాంలే.”

ఫోను తీసింది. సిగ్నల్ లేదు. దాని వెలుగులోనే బీరువాని రెండు చేతులా తోసింది. అది కదల్లేదు. రేకు గోడ మీద అరచేత్తో బాదింది. సామాను కొట్టుకుంటోందని అనుకున్నారో ఏమో, ఎవరూ పలకలేదు. పిల్ల భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవులు నీలంగా కనిపించాయి. ఫోను వెలుగు అలాంటిదేమోలే అనుకుంది.

“ఏం తల్లీ, పాపకి ఆయాసమా?”

ఆడగొంతు. నెమ్మదైన గొంతు. బొంత వెనకాల నుంచి.

జాబితామ్మకి ప్రాణం లేచొచ్చింది. మనుషులున్నారు!

“ఎవరండీ?”

“ముందెక్కినవాళ్ళం.”

“మీరూ వెనకే కూర్చున్నారా?”

“ట్యాక్సీ దండగ కదా అని. మీకెంత చెప్పాడు?”

“ఏడున్నర.”

“మాకు ఆరే.”

ఒళ్ళో పిల్ల ఊపిరి కోసం కొట్టుకుంటోంది. అయినా ఆ మాట జాబితామ్మకి చురుక్కుమంది. మనిషి బుద్ధి అంతే, ఎవరిని అనుకుని ఏం లాభం.

“మీ దగ్గర ఆయాసం మందేమైనా ఉందా అండీ? పీల్చేది?”

“మా అమ్మాయికి ఉండేది. ఇప్పుడు అవసరం లేదు.”

“తగ్గిపోయిందా?”

“ఇక్కడికొచ్చాక తగ్గిపోయింది.”

బండి కుదుపుతో కదిలి, మళ్ళీ ఆగింది.

“ఇటువైపు గాలి వస్తుంది తల్లీ. చల్లగా ఉంటుంది. పాపని ఇటు పంపించు.”

నిజమే. బొంత కింది అంచు కదులుతోంది. చల్లటి గాలి ఒకటి నేలమీదుగా పాకి వచ్చి ఆవిడ పాదాలకి తగిలింది. అందులో అదే తడి బట్టల వాసన.

“మీరెక్కడ దిగుతున్నారండీ?”

“ఇల్లు చూసుకోవాలి. ఎక్కడికెళ్ళినా అడ్వాన్సు ఎక్కువ అడుగుతున్నారు.”

“మరి ఎప్పుడు ఎక్కారు?”

పిచ్చుక దగ్గు ఆగింది. తగ్గి ఆగలేదు. దగ్గడానికి ఊపిరి లేక ఆగింది. మెడ కింద గుంట లోతుగా పడింది. ఆవిడ భుజం మీద పిల్ల వేళ్ళు బిగుసుకున్నాయి… వదులయ్యాయి.

“తొందరగా, తల్లీ.”

ఇంకేం ఆలోచించలేదు. పిల్లని ఎత్తుకుని, పెట్టెల మీద మోకాళ్ళతో పాకింది. ఫోను వెలుగుతూనే పెట్టెల మధ్యకి జారిపోయింది. బీరువా పక్కన ఇరుకు సందులోంచి పిల్లని ముందుకు జరిపింది. బొంత అంచు పైకి లేచింది. తను లేపలేదు. అవతల్నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి పిచ్చుక మణికట్టు పట్టుకుంది. పిల్ల బరువు చేతుల్లోంచి మెల్లగా జారిపోయింది.

బొంత దిగింది.

“పాపా?”

…

“పాపా!”

“ఆ, అమ్మా.”

“ఊపిరి ఆడుతోందా?”

“బాగుంది.”

ఆ గొంతులో కూత లేదు. ఇద్దరు పిల్లలు గుసగుసగా నవ్వుకున్నారు. జాబితామ్మ బీరువాకి తల ఆనించి ఏడ్చింది. బండి కదిలింది. ఈసారి ఆగకుండా పోయింది.

చివరి బ్రేకు పడగానే సందులోకి చెయ్యి చాచింది. “రా అమ్మా, వచ్చేశాం. చెయ్యివ్వు.”

ఒక చెయ్యి వచ్చి ఆవిడ చేతిలో పడింది. చల్లగా ఉంది. అంతసేపు చల్లగాలిలో కూర్చుంది కదా.

గడియ తీశారు. ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది. పిచ్చుకే. అదే గౌను, అవే రెండు జడలు. నోరు మూసుకుని, ముక్కుతో, చప్పుడు లేకుండా ఊపిరి తీస్తోంది. పుట్టాక ఎప్పుడూ తీయనంత హాయిగా.

“వెనకావిడకి దండం పెట్టుకోవాలి మేస్త్రీ. ఆవిడే లేకపోతే…”

మేస్త్రి బొంత వైపు చూశాడు. “వెనకావిడెవరు?”

“బొంత వెనకాల. పిల్లతో.”

“ఆ సామాను ఎక్కించి నాలుగు నెలలైందమ్మా. దించుకుంటామని ఎవరూ రాలేదు. పారేద్దామంటే మావాళ్ళెవరూ చెయ్యి వెయ్యరు.” గొంతు తగ్గించాడు. “నేను ట్యాక్సీలో వెళ్ళమన్నాను కదమ్మా.”

ఆవిడే వెళ్ళి బొంత పక్కకి లాగింది. దాని వెనకే, బొంతని ఆనుకుని, నేల నుంచి పైకప్పు దాకా పెట్టెలు. పిల్ల కాదు కదా, పిల్ల చెయ్యి పట్టే సందు కూడా లేదు. వేలితో తడిమింది. గాలి వచ్చే కన్నం ఒక్కటి లేదు.

మొగుడు కిందికి దిగి వచ్చాడు. కూతురి ఛాతీకి చెవి ఆనించి విని, ఆనందంతో కేక పెట్టాడు. “ఏమేవ్! ఒక్క కూత లేదే! ఇంట్లో అడుగు పెట్టకముందే గుణం చూపించిందే ఈ చోటు!”

కూలీలు పెట్టెలు దించారు. అంకెల ప్రకారం అన్నీ సరిపోయాయి. మేస్త్రి డబ్బు లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకున్నాడు. తలుపులు మూసి గడియ బిగించారు. లారీ బయల్దేరింది.

పది గజాలు పోయి ఉంటుంది.

మూసిన రేకు తలుపుల వెనకాల నుంచి దగ్గు వినిపించింది.

పొట్టివి రెండు. పొడుగుది ఒకటి.

“ఆపండి!” అని అరిచింది. ఇంజను మోతలో అది ఎవరికీ వినపడలేదు. పరుగెత్తబోయింది. చెయ్యి రాలేదు. వెనక్కి చూసింది. పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. విదిలించింది. రెండో చేత్తో ఆ వేళ్ళు ఊడదీయబోయింది. ఎత్తుకుంటే బరువే తెలియని పిల్ల… వేలు కూడా కదల్లేదు.

లారీ మలుపు తిరిగింది.

పిల్ల తలెత్తి కొత్త ఇంటిని కింది నుంచి పైదాకా, ఒక్కో అంతస్తే, తీరిగ్గా చూసింది. తర్వాత ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడిగినట్టు, గొంతు తగ్గించి అడిగింది.

“అడ్వాన్సు ఎంత కట్టారు?”