గెయిన్ పడిపోయింది

"ఓడకు ఆరువందల ఎనభై మంది," అన్నాడు చీఫ్, ఫైలు తెరవకుండానే. "పదింటికి ఓడ రాళ్ల మధ్య నుంచి రేవులోకి వస్తుంది. ముఠా దొంగ శాటిలైట్ సిగ్నల్ పంపుతుంది. రిసీవర్ దాన్ని నమ్మిందో, ఓడ రాళ్లకు కొట్టుకుంటుంది."

"ఆపేస్తే?" అడిగాడు మనవాడు, చీఫ్ కింద పనిచేసే గూఢచారి.

"ఇవాళ ఆ వేళకు మూడు ఓడలున్నాయి. దేన్ని కొడతారో తెలీదు. అన్నీ ఆపితే ముఠా జారుకుంటుంది. వాళ్లు రేడియోలో మన గొంతులు కూడా దించేస్తారు కాబట్టి కెప్టెన్లకు కోడ్ ఇచ్చాం, 'ఇంటికి చుట్టాలొచ్చారు' అని. అది వింటేనే ఇంజన్లు వెనక్కి తిప్పుతారు. తప్పు ఓడకు చెప్పావంటే ముఠా వినేస్తుంది, ఇక గోవిందా!"

ఆ మూడింట్లో ఒకదానికి కెప్టెన్ మనవాడి అన్నయ్యే. ఆ సంగతి చీఫ్‌కూ తెలుసు. ఇద్దరూ ఎత్తలేదు.

తొమ్మిదిన్నరకు మనవాడు ఏసీ మెకానిక్ వేషంలో రేవు కంట్రోల్ రూంలోకి దూరాడు. చేతిలో టూల్ బాక్సు, దాని అడుగున పిస్టల్. కిటికీ బయట పొగమంచు తప్ప ఏమీ లేదు. స్క్రీన్ ముందు నెమలి కూర్చుంది. నెమలి ఆమె మారుపేరు; రిసీవర్ టెక్నీషియన్, ముఠాలో మన మనిషి. మూడేళ్లుగా అక్కడి కబుర్లు ఇక్కడికి మోస్తోంది. ఆమె నవ్వి పొడుగాటి చెవి లోలకులు ఊపిందంటే మనవాడికి డ్యూటీ గుర్తుండేది కాదు. ఇవాళ నవ్వలేదు.

9:56. మూడో ఓడ, అన్నయ్య ఓడ. స్క్రీన్ మీద దాని గెయిన్ గీత, అంటే ఓడలోని రిసీవర్ సిగ్నల్ని ఎంత పెంచి వింటోందో చూపే గీత, సర్రున కిందికి జారింది.

"గెయిన్ పడిపోయింది," అంది నెమలి, మాటకు మాట విడదీసి. "మంచుకి సిగ్నల్ నీరసపడింది, అంతే. మామూలే."

మనవాడు తల ఊపబోయాడు. అంతలో వదిన గుర్తొచ్చింది. ఆ రిసీవర్లో ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ సర్క్యూట్ డిజైన్ చేసింది ఆవిడే. మొన్న భోజనాల దగ్గర చెప్పింది: "మీ అన్నయ్య గొణిగితే చెవులు రిక్కిస్తాను, అరిస్తే మూసుకుంటాను. నా సర్క్యూటూ అంతే మరిదిగారూ. సిగ్నల్ నీరసపడితే గెయిన్ పెరుగుతుంది. పడిపోయిందంటే ఎవడో దగ్గర్లో గొంతు చించుకుంటున్నాడన్నమాట."

నీరసపడితే పెరగాలి. పడిపోయింది. నెమలి అబద్ధం చెబుతోంది!

టూల్ బాక్సు మూత లేపాడు. పిస్టల్ ఆమె కణతకు ఆనించి, రెండో చేత్తో మైకు లాక్కున్నాడు. ఒక్కసారే పనికొచ్చే మాట. తను వదిన చెప్పింది సరిగ్గా వినుండకపోతే?

"మూడో నంబర్! ఇంటికి చుట్టాలొచ్చారు! చుట్టాలొచ్చారు!"

స్పీకర్లో చప్పుడు లేదు. ఒక నిమిషం. రెండు. తర్వాత ఇంజన్ల రొద, దాని మీద అన్నయ్య కేక. "ఒరేయ్, మూతి ముందే రాయిరా! మూరెడు దూరంలో ఆగాం!"

మనవాడు గోడకు చేరగిలబడ్డాడు. చేపల పడవలో దాక్కున్న ముఠా మన చీఫ్ మనుషులకు దొరికిందని కబురొచ్చింది. అప్పుడు గాని నెమలికి సంకెళ్లు వెయ్యాలని తోచలేదు. వేశాక ఆమె మాట్లాడకుండా ఎడమ చెవి చూపించింది. లోలకు లాగి చూస్తే అందులో బఠాణీ గింజంత మైకు. బూటు కింద వేసి నలిపాడు.

"పొద్దుట్నుంచి ముఠావాళ్లు వింటున్నారు. నా గుట్టు రట్టయింది," అందామె. "చెప్పిన మాట చెప్పకపోతే చంపేస్తామన్నారు."

"ఇంకాస్త ఉంటే నేనే చంపేసేవాణ్ణి!" నమ్మాలో వద్దో తెలియక సంకెళ్ల తాళంచెవి పిడికిట్లోనే బిగించాడు. "అలాంటి అబద్ధం ఎందుకు చెప్పావ్?"

"అంతా మామూలే అని చెప్పమన్నారు, చెప్పాను. మీ వదిన సర్క్యూట్ సంగతి నీకు తెలుసుగా. నమ్మేలా చెప్పమని మాత్రం అనలేదు."