ఎమ్మిగనూరులో జెల్ట్రాక్స్ విందు

ఆ ఏడాది కర్నూలులో ప్రభుత్వం డేరాల్లో ఉండేది. రాష్ట్రం కొత్తది, రాజధాని కొత్తది, కట్టడాలు చాలలేదు. ఎండాకాలపు గాలికి డేరా గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే ఆఫీసర్లు కాగితాల మీద కంకరరాళ్లు పెట్టుకుని రాజ్యం నడిపేవారు.

అన్నిటికంటే చివరి డేరాకు బోర్డు లేదు. లోపల చీఫ్ హనుమంతరావు బల్ల మీద ఒక సీసా పెట్టాడు. అందులో తెల్లటి పొడి.

"వాసన చూడకు," అన్నాడు.

ఏజెంట్ శేషగిరి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"జెల్ట్రాక్స్. విదేశీ సరుకు. విత్తనాలకు పట్టిస్తే పురుగు రాదు. అంతవరకు నిజం. తినే గింజలకు పట్టిస్తే విషం. గవర్నమెంటు ఫారంలో కోళ్లకు వేస్తే మెడలు వాల్చి, కాళ్లు కొట్టుకుని చచ్చాయి. మన కెమిస్టు పేపర్ల వాళ్లను పిలిచి రెండు ముక్కలు చెప్పాడు. విత్తనానికి క్షేమం, తిండికి విషం. ఏం అచ్చయిందో తెలుసా?"

"క్షేమం."

"అంతే. రెండో ముక్క ఎక్కడా పడలేదు. ఇప్పుడు ఎమ్మిగనూరు సంతరోజున కంపెనీ ఒక విందు చేస్తోంది. జనం కళ్లముందు ఈ పొడి పిండిలో కలిపి రొట్టెలు చేయిస్తారు. డైరెక్టర్ బ్రాంట్ మొదట తింటాడు, తర్వాత జనానికి పెడతాడు. ఫొటోలు దేశమంతా పోతాయి. ఆ పైన ప్రతి ఇంట్లోనూ జొన్నల గాదెకు ఇదే పొడి."

"బ్రాంట్ నిజంగా తింటాడా సార్?"

"తింటాడు. డబ్బాలో ఉండేది సుద్దపొడి కాబట్టి. లోపలి నుంచి కబురు. కంపెనీ పబ్లిసిటీ ఆఫీసరు ప్రభావతి మన మనిషే. జనం ముందు ఆ డబ్బా పట్టుకో. మోసం బయట పెట్టు."

చీఫ్ ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చాడు. రాయడానికి కాదు. ఆ సిరా చుక్క సుద్ద మీద పడితే మారదు. జెల్ట్రాక్స్ మీద పడితే ఊదారంగు తిరుగుతుంది.

*

ఆదోని స్టేషనులో రైలు దిగిన శేషగిరి వేషం చెనిక్కాయల బ్రోకరుది. నల్లటోపీ, చంకలో గొడుగు. మార్కెట్ యార్డు పక్కనుంచి నడిచి, పత్తిబోరాల బండ్లను తప్పించుకుని, ఒక చిన్న ప్రెస్సులోకి పోయాడు. అక్కడ వాదిరాజ ప్రతి శనివారం ఒక పేపరు అచ్చు వేస్తాడు. మంత్రాలయంలో చదువుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నవాళ్లు. శేషగిరి చేసే పని తెలిసిన బయటివాడు లోకంలో ఇతనొక్కడే.

"ఏమప్పా శేషూ, ఈతూరి బ్రోకరా? పోయిన తూరి గాజులు అమ్ముకుంటాంటివి."

"కెమిస్టు చెప్పిన రెండో ముక్క ఏమైంది వాదీ?"

వాదిరాజ చేతికంటిన మసి గుడ్డకు తుడుచుకున్నాడు. "పేజీలో కాలమ్ నిండిపోయినాది. కింద కంపెనీ ప్రకటన ఉండాది. దాన్ని కోయలేను కదా, వార్త తోక కోస్తి."

"తోకలోనే ఉంది విషం."

"తేలుకూ అంతే కదప్పా."

శేషగిరి నవ్వలేదు. పాత పేపరు తీసి హెడ్డింగు చూపించాడు. *పురుగుల మందు వచ్చింది.* "ఇదెవరి మాట?"

"నాదే. ఇంగ్లీషు పేరు జనానికి యాడ అర్థమైతాది?"

"మన పల్లెల్లో పురుగుల మందంటే పిల్లల కడుపులో పురుగులకు తాగించేదిరా."

"చేను పురుగని తెలుసుకోరా ఏమి?" అని వాదిరాజ ఆ హెడ్డింగు మళ్లీ చదువుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "తప్పయింది లేప్పా. ఈతూరి నువ్వేం తెచ్చిస్తే అది, తోకతో కూడా వేస్తా," అని జంధ్యం పట్టుకున్నాడు.

శేషగిరికి అది చాలింది.

సాయంత్రం జిన్నింగు మిల్లు ముందు ఒక పెద్ద కారు ఆగింది. దిగిన ఆమెకు నల్లద్దాలు, పట్టుచీర. గాలిలో లేచే దూది జుట్టు మీద వాలుతున్నా దులుపుకోలేదు.

"ఈసారి కాయ ఎట్లుంది?" అని అడిగింది.

"పొట్టు ఘనం, పప్పు తక్కువ."

కోడ్ కుదిరింది. ప్రభావతి చుట్టూ ఒకసారి చూసింది. "రేపు నువ్వు కంపెనీ అటెండరువి. కాకీ కోటు కారులో ఉంది. సుద్ద నింపేది నేనే, డబ్బా నీ చేతికిచ్చేది నేనే. వేదిక ఎక్కగానే నీ ఇష్టం."

"రెండేళ్ల నుంచి వాళ్ల మధ్య ఉంటున్నారు. భయం లేదా?"

"అలవాటైంది," అంది ఆమె. ఆ మాట శేషగిరికి నచ్చింది. శాఖలో అట్లాంటివాళ్లు తక్కువ.

*

ఎమ్మిగనూరు సంత కిటకిటలాడుతోంది. విందు చేసేది సాలెవాళ్ల వీధి చివర ఖాళీ జాగాలో. వీధి పొడుగునా మగ్గాలకెక్కే పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్నారు. గంజికి తెచ్చిన మైదా బస్తా మూతి విప్పి గోడకు ఆనించి ఉంది. అవతల షామియానా, మైకు, బ్రాంట్ దొర. ముందువరుసలో కెమెరా పట్టుకుని వాదిరాజ.

రొట్టెలు తట్టడానికి రోడ్డుపనికి వచ్చిన కోసిగి ఆడవాళ్లను పిలిచారు. వాళ్లలో పెద్దామె హులిగమ్మ. ముందు దొర తింటే రెండో రొట్టె తనదని అందరికీ చెబుతోంది.

"ఏమన్నా," అంది కాకీ కోటు చూసి, "ఆ మందు తిన్నోళ్లకు పొట్లం కూడా ఊరికే ఇస్తారంట కదా. మా మనమరాలికి కావాల. దానికి కడుపు ఇంత లావుండాది, పురుగులు."

"ఇది కడుపుకు కాదమ్మా. ఎవరు చెప్పినారు?"

"పేపర్లో పడింది. మా ఊరి సుంకప్ప సదివి సెప్పినాడు, పురుగుల మందని. ఆదివారం పరగడుపున మజ్జిగలో కలిపి పోస్తా."

"అది చేను పురుగులకమ్మా."

"పురుగు పురుగే కదన్నా. చేన్లో ఉంటే ఒక కులం, కడుపులో ఉంటే ఒక కులమా?" పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు.

అప్పుడే ప్రభావతి డబ్బా తెచ్చి చేతికిచ్చింది. బరువు కొంచెం తేడాగా తోచింది. శాఖలో నేర్పిన మొదటి పాఠం, చెప్పినవాళ్లు ఎవరైనా సరే ఒకసారి చూసుకొమ్మని. శేషగిరి పడుగు వెనక్కు పోయి మూత తీసి, పెన్ను విదిలించాడు.

చుక్క ఊదాగా మారింది.

తల ఎత్తితే ఆమె అక్కడే ఉంది.

"ఇది సుద్ద కాదు."

"తెలుసు," అంది ప్రభావతి.

"జనం చస్తారు."

"కొందరు. కొందరు పడితే గాని పేపర్లు నిజం రాయవు. నీ స్నేహితుడి పేపరు చదవలేదా?"

"చీఫ్ చెప్పాడా ఈ పని?"

ఆమె నల్లద్దాలు సర్దుకుంది. "చీఫ్ ఇచ్చే జీతం నీకూ తెలుసు. బ్రాంట్ కంపెనీ మునిగితే దాని చోట ఇంకో కంపెనీ వస్తుంది. వాళ్ల పొడీ ఇట్లాంటిదే, పేరు వేరు. వాళ్లు బాగా ఇస్తారు. పక్కకు తప్పుకో, రెండు నిమిషాలు ఊరికే ఉండు. నువ్వు కోరిన నిజమే గెలుస్తుంది."

మైకులో డబ్బా తెమ్మని పిలుపు వచ్చింది. ఆమె వెళ్లిపోయింది.

విషమని అరవచ్చు. అరిస్తే బ్రాంట్ నవ్వి ఒక చెంచా నోట్లో వేసుకుంటాడు. అతనికి తెలిసినంతవరకు అది సుద్ద. అతన్ని చూసి హులిగమ్మ వేసుకుంటుంది, ఆమెను చూసి వీధంతా వేసుకుంటుంది. శేషగిరి ఇంక ఆలోచించలేదు. అటెండరు వేషానికని చేత పట్టుకొచ్చిన టిఫిన్ క్యారియర్‌లోకి డబ్బా వంచేశాడు. తుడిచి, గోడ దగ్గర బస్తాలోని మైదా గబగబా నింపాడు.

"మా మైదా ఏంటికన్నా తీస్కుంటివి?" అన్నాడు గంజి పెడుతున్న సాలె లక్ష్మన్న.

"తర్వాత చెప్తా."

వేదిక మీద బ్రాంట్ డబ్బా అందుకునే క్షణానికి మూత బిగిసింది. పొడి పిండిలో పడింది. రొట్టె కాలింది. దొర తిన్నాడు. హులిగమ్మ తిన్నది, ఉప్పు తక్కువైందని చెప్పి మరీ తిన్నది. జనం వరుస కట్టారు. ప్రభావతి ఒక్కొక్క ముఖమే చూస్తూ నిలబడింది. ఎవరూ పడలేదు. చివరికి శేషగిరి చేతులకంటిన మైదా చూసి, కారెక్కి రాయచూరు దారి పట్టింది.

డబ్బాలో ఉన్నది జెల్ట్రాక్స్ కాదని అప్పుడు చెప్పవచ్చు. కానీ కల్తీ పట్టుకోవడానికి వచ్చినవాడే కల్తీ చేశాడు, మైదా తీయడం చూసిన లక్ష్మన్న పక్కనే ఉన్నాడు. కంపెనీ పొట్లాలు పంచుతోంది. వాటిలో ఉన్నది మాత్రం అసలు సరుకు. హులిగమ్మ ఒకటి కొంగున కట్టుకుంది.

శేషగిరి వాదిరాజను కాఫీ హోటలు వెనక్కు తీసుకుపోయి ఏమీ దాచకుండా చెప్పాడు. క్యారియర్ విప్పి చుక్క వేసి ఊదారంగు చూపించాడు.

"శనివారం పేపర్లో ఇది పడాలి వాదీ. ఆదివారం పొద్దున హులిగమ్మ ఆ పొడి మనమరాలికి పోస్తుంది. సుంకప్ప చదివితేనే వింటుంది."

వాదిరాజ ఆ ఊదాచుక్కను ఫొటో తీసుకున్నాడు. "నా పేపరు ఉండేదే దీనికి కదప్పా," అన్నాడు. కళ్లు కూడా తడి అయినాయి.

*

శనివారం ఆదోనిలో శేషగిరి పేపరు కొన్నాడు.

*జెల్ట్రాక్స్ రొట్టెలు తిన్న జనం. ఒక్కరికీ తలనొప్పి కూడా లేదు.*

పక్కన హులిగమ్మ నవ్వుతున్న ఫొటో. కింద సగం పేజీ కంపెనీ ప్రకటన. ఊదాచుక్క ఎక్కడా లేదు.

ప్రెస్సులో వాదిరాజ తల ఎత్తకుండా అక్షరాలు కూర్చుకుంటున్నాడు. మూలన కొత్త మిషను, ఇంకా గోనెగుడ్డ విప్పలేదు.

"జంధ్యం పట్టుకుంటివి," అన్నాడు శేషగిరి.

"నేనేమన్నా అబద్ధం రాస్తినా? తిన్నారు. ఏమీ కాలేదు. అది నువ్వు కూడా చూస్తివి. నీది ఒక్కని మాట. తిన్నది ఊరంతా. రెండు పక్కలా వెయ్యాలంటే జాగా యాడుంది?"

"ఆ పసిదానికి ఏమన్నా అయితే?"

"అయితే అదీ వేస్తాను శేషూ."

చాప మీద పక్కన పడుకున్న పిల్లవాణ్ణి ఆ ముఖంలో వెతికాడు శేషగిరి. దొరకలేదు.

పోస్టాఫీసులో చీఫ్ దగ్గర నుంచి టెలిగ్రాం కాచుకుని ఉంది. *ప్రాణనష్టం లేదు. అభినందనలు. పొడికి ప్రభుత్వం ఆర్డరు ఇచ్చింది. శాంపిలు పంపవద్దు. నోరు విప్పవద్దు.*

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి కూడా అదే ఉంది.

*

ఆదివారం పొద్దున మొదటి బండికి కోసిగిలో దిగి పరుగెత్తాడు. హులిగమ్మ గడప మీద కూర్చుని, ఒళ్లో మనమరాలిని పెట్టుకుని, లోటాలో మజ్జిగ పుల్లతో కలుపుతోంది. పక్కన విప్పిన పొట్లం. అరుగు మీద సుంకప్ప బీడీ కాలుస్తున్నాడు.

"అమ్మా, ఆగు. అది విషం."

"యాడి విషమప్పా? నేను తింటి కదా. తిని మళ్లా కంకర కొడితి."

ఉద్యోగంలో చేరిననాడు నోరు విప్పనని చేసిన ప్రమాణాన్ని శేషగిరి అక్కడ వదిలేశాడు. "నువ్వు తిన్నది మైదా. డబ్బాలో నేనే మార్చినాను. నేను సర్కారు గూఢచారిని."

హులిగమ్మ అతన్ని కింది నుంచి మీదికి చూసింది. "నువ్వు డబ్బా మోసినోడివి కదా?"

"అవును."

"మోసేవోనికి ఏం తెలుస్తాది? పేపర్లో పడింది. నా బొమ్మ కూడా ఏసినారు. ఏం సుంకప్పా?"

"తలకాయనొప్పి కూడా లేదంట," అన్నాడు సుంకప్ప పొగ వదిలి.

"కోళ్లకు పెడితే చచ్చినాయమ్మా. సర్కారు ఫారంలో."

"కోళ్లకు కడుపులో పురుగులుండాయా? పురుగు లేని కడుపులో మందేస్తే సావక ఏం సేస్తాది?" అని ఆమె బిడ్డ గడ్డం పట్టుకుని లోటా ఎత్తింది.

లాక్కోవచ్చు. కానీ ఆ ఊళ్లో ఇంటింటా ఒక పొట్లం ఉంది. అన్ని లోటాలు లాక్కోలేడు. లోటా అంచు పసిదాని పెదవికి ఆనింది.

"సరే, పొయ్యి," అన్నాడు శేషగిరి. "మీసాలొస్తే నన్ను అనొద్దు."

లోటా ఆగింది.

"ఎవరికి?"

"ఆడపిల్లలకు. ఈ పొడి వాడే దేశంలో దొరసానులు పొద్దున లేచి గొరుక్కుంటారు. అందుకే దొర తన భార్యను విందుకు తేలేదు."

హులిగమ్మ మనమరాలి పైపెదవి మీద వేలు పెట్టి తడిమి చూసింది. తన పెదవి కూడా తడుముకుంది. లేచి లోటా, పొట్లం రెండూ పేడగుంటలో పారేసి కాలితో మట్టి తోసింది.

"ఈ మాట ముందే సెప్పకూడదా?" అని తిట్టింది. "అప్పటి నుంచి విషం విషం అని ఏదేదో సెప్తాండావు."

మధ్యాహ్నానికి కోసిగిలో పొట్లాలన్నీ గుంటల్లోకి పోయాయి. వారం తిరక్కుండా ఆ మాట గోనెగండ్ల దాటింది. కంపెనీ వ్యాను ఏ ఊరికి పోయినా ఆడవాళ్లు చీపుర్లతో ఎదురొచ్చారు. బ్రాంట్ మద్రాసు బండి ఎక్కాడు. ప్రభుత్వం ఆర్డరు వెనక్కు తీసుకుంది, కారణం రాయకుండా.

శనివారం ఆదోని స్టేషనులో బండి కోసం చూస్తూ శేషగిరి పేపరు విప్పాడు. మొదటి పేజీ నిండా పెద్ద అక్షరాలు. *జెల్ట్రాక్స్ వాడితే స్త్రీలకు మీసాలు: శాస్త్రజ్ఞుల హెచ్చరిక.*

ఇన్నేళ్ల సర్వీసులో అతని మాట ఒక్క అక్షరం పోకుండా అచ్చయింది ఇదే మొదటిసారి.